అంజూరకు ఏ కుండీ? మా మిద్దె మీద మూడేళ్ల లెక్క

2022 జులై

మొదటి మొక్క కడియం నర్సరీ నుంచి వచ్చింది. పూనా రకం. చిన్న కవర్లో మోకాలెత్తు కర్ర, దానికి నాలుగు ఆకులు. ఎలాగూ చెట్టయ్యేదే, మాటిమాటికీ కుండీ మార్చడమెందుకని 200 లీటర్ల నీలం డ్రమ్మును అడ్డంగా కోయించి, ఒక సగంలో నేరుగా నాటేశాను. హైదరాబాద్‌లో అప్పుడు వానలు జోరుగా ఉన్నాయి.

2022 సెప్టెంబరు

ఆకులు ఒక్కొక్కటే పసుపు తిరిగి రాలుతున్నాయి. పైన మట్టి ఎండినట్టు కనిపించి ఇంకా నీళ్లు పోశాను. తగ్గలేదు. చివరికి తవ్వి చూస్తే జానెడు లోతున అంతా బురద, పుల్లటి వాసన. వేర్లు కవరు ఆకారం దాటి బయటికే రాలేదు. మట్టిలో తడిని ఎండ తీసేది ఎక్కువగా పై పొరలోనే, కిందిది చాలావరకు వేర్లు తాగాల్సిందే. వేర్లు చేరని చోట నీరు అలాగే నిలిచి, గాలి ఆడక, ఉన్న వేర్లనూ కుళ్లబెడుతుంది. "నారు మడిలో ఎదగందే పొలంలోకి పోదు కదరా" అంది అమ్మ. ఆ మాట పట్టుకునే తర్వాతి పనంతా చేశాను.

నల్లబడిన వేర్లు తీసేసి, 20 లీటర్ల పెయింటు బకెట్‌లోకి మార్చాను. అడుగున ఎనిమిది రంధ్రాలు, పక్కల అంగుళం ఎత్తులో మరో నాలుగు. దసరాకి కొత్త చిగురు కనిపించింది.

2023 ఫిబ్రవరి

తల్లి మొక్కను కత్తిరించినప్పుడు పెన్సిలు మందం కొమ్మలు ఆరు ముక్కలు చేసి, లీటరు నీళ్ల సీసాల్లో గుచ్చాను. కోసిన చోట కారే పాలు ఒంటికి తగిలితే దురద, మంట. చేతికి తొడుగు తప్పనిసరి. మూడు ముక్కలు వేరు పట్టాయి. సీసా పారదర్శకం కాబట్టి తెల్లటి వేర్లు గోడ చుట్టూ తిరగడం బయటికే కనిపించింది. అప్పుడే 9×9 అంగుళాల (వెడల్పు × ఎత్తు) మొక్కల బ్యాగుల్లోకి మార్చాను.

అంగుళాల లెక్క చూసి నేను చాలాకాలం మోసపోయాను. 12×12 పక్కన 15×15 కాస్త పెద్దదిగా అనిపిస్తుంది, అంతే. లీటర్లు కట్టి చూస్తే 12×12లో 22 లీటర్లు, 15×15లో 43, 18×18లో 75. మూడేసి అంగుళాలు పెంచితే మట్టి దాదాపు రెట్టింపవుతోంది. పైన నీళ్లు నిలవడానికి రెండంగుళాలు వదలాలి కాబట్టి వరసగా 18, 37, 67 లీటర్లే చేతికొచ్చేవి. 24×12 లాంటి వెడల్పు బ్యాగులు 89 లీటర్లని ఆశపెడతాయి కానీ అంజూరకు నేను వాడను. నీళ్లు పోశాక ఏ కుండీలోనైనా అడుగున కొన్ని అంగుళాలు చిత్తడిగానే ఉంటాయి. లోతు తక్కువైతే అందులో ఎక్కువ భాగం ఆ చిత్తడికే పోతుంది.

2023 మే

తల్లి మొక్క ఇంకా బకెట్‌లోనే ఉంది. బకెట్ నలుపు రంగు. మధ్యాహ్నం దాని గోడ మీద చెయ్యి పెట్టలేకపోయాను. పడమటి వైపు వేర్లు ఉడికి గోధుమరంగుకు తిరిగాయి. వేరుశనగ గింజంత పిందెలు వరసగా రాలాయి. బకెట్‌కు సున్నం పూసి, గోనెసంచి చుట్టి, పిట్టగోడ నీడకు జరిపాక కొన్ని నిలిచాయి. వానలు తగ్గాక, అక్టోబరులో దాన్ని 18×18లోకి మార్చాను.

2024 ఫిబ్రవరి

ముగ్గురు పిల్లల్నీ 9 అంగుళాల బ్యాగుల్లోంచి లాగాను. వేర్లు మట్టి ఉండను గట్టిగా పట్టుకుని వచ్చాయి. మార్చాల్సిన సమయానికి ఇంతకంటే మంచి గుర్తు లేదు. ఉండ విడిపోయి మట్టి రాలితే ఇంకో రెండు నెలలు ఆగడమే.

ఒకటి 12×12లో, ఒకటి 15×15లో, మూడోది సగం డ్రమ్ములో పెట్టాను. ఈసారి ఎండాకాలం ముందు కాబట్టి డ్రమ్ములో కుళ్లు భయం తక్కువ. పెద్ద కుండీ కాపుకు ఏం చేస్తుందో చూడాలనుకున్నాను. అన్నిటికీ మిశ్రమం ఒకటే: ఎర్రమట్టి నాలుగు పాళ్లు, మాగిన పశువుల ఎరువు మూడు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) రెండు, ముతక ఇసుక ఒకటి. బ్యాగుకు రెండు గుప్పెళ్ల వేపపిండి. వేర్ల మీద బుడిపెలు తెచ్చే నులిపురుగులు అంజూరను బాగా పీడిస్తాయి, అందుకే వేపపిండి మానను.

2024 మే

ఇదే నాకు అసలు పరీక్ష. పొద్దున ఏడింటికి నిండా నీళ్లు పోసి, మధ్యాహ్నం మూడింటికి ఆకులు చూడటం.

12×12 మూడింటికల్లా వాలిపోయేది. సాయంత్రం ఐదింటికి మళ్లీ పొయ్యాల్సిందే. పెళ్లికి వెళ్లి ఒక్క సాయంత్రం తప్పితే, మర్నాటి నుంచి పిందెలు రాలడం మొదలు. 15×15 నడి ఎండల్లో కాస్త నీరసించినా సాయంత్రానికి తేరుకునేది. 18×18కు రోజుకొక్కసారి చాలింది. డ్రమ్ముకు రోజు విడిచి రోజు.

చివరిదాకా నిలిచి పండినవి: 12×12లో 5, 15×15లో 21, తల్లి మొక్క 18×18లో 34. డ్రమ్ములో 3. ఆ డ్రమ్ము చెట్టు మాత్రం నా ఎత్తు దాటి, అరచేతికి రెండింతల ఆకులతో నిగనిగలాడింది. తల్లి మొక్క వయసు ఎక్కువ కాబట్టి దాని సంఖ్యను పిల్లలతో సరిపోల్చడం న్యాయం కాదు. ఒకే వయసున్న మూడింటినే చూస్తున్నాను. వేర్లకు చోటున్నంతకాలం చెట్టు ఆకు మీదే శ్రద్ధ పెట్టింది. కాస్త బిగువున్న చోట కాయ మీదికి మళ్లింది. మరీ బిగిస్తే నీటి కొరతకు ఆ కాయే రాలింది.

2024 జులై

బరువు గురించి ముందే ఆలోచించాల్సింది. తడిసిన 15×15 బ్యాగు చెట్టుతో కలిపి 46 కిలోలు తూగింది. ఇద్దరం పట్టుకుంటే జరుగుతుంది. 18×18 80 కిలోలు దాటుతుంది, సగం డ్రమ్ము దాదాపు 120. మనుషులు తిరిగే మిద్దెకు మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల భారం లెక్కేస్తారు. రెండు డ్రమ్ములు పక్కపక్కన పెడితేనే అది దాటిపోతుంది. అందుకని పెద్దవన్నీ కింద బీము ఉన్న చోట, పిట్టగోడ వెంబడి, దూరదూరంగా పెట్టాను.

ఇంకో జాగ్రత్త. మర్రి, రావి, మేడి కుటుంబమే అంజూరది కూడా. డ్రమ్ము రంధ్రంలోంచి ఒక వేరు దిగి శ్లాబు అతుకులోకి దూరడానికి సిద్ధంగా ఉంది. అప్పటి నుంచి ప్రతి కుండీ కిందా ఇటుకలు పెట్టి, రెండు నెలలకోసారి అడుగున చెయ్యి పెట్టి చూసి, వేలాడే వేర్లు కత్తిరిస్తున్నాను.

2024 అక్టోబరు

డ్రమ్ము ఖాళీ చేశాను. ఆ చెట్టును కొమ్మలు సగానికి కోసి, వేరు ఉండను తగ్గించి 18×18కి దించాను. 12×12ను 15×15కు పెంచాను. తల్లి మొక్క ఏడాదికే బ్యాగు నిండా చాపలా వేర్లు అల్లేసింది. దానికి ఇంకా పెద్ద కుండీ ఇవ్వలేదు. పాత రంపంతో చుట్టూ రెండంగుళాలు, అడుగున మూడంగుళాలు కోసి, కొత్త మిశ్రమం నింపి అదే బ్యాగులో పెట్టాను. కొమ్మలనూ అదే రోజు కత్తిరించి పది రోజులు నీడన ఉంచాను. వేర్లు కోసి కొమ్మలు వదిలేస్తే, ఉన్న ఆకులకు నీరందించలేక చెట్టు దెబ్బతింటుంది.

2025 ఏప్రిల్

అక్టోబరు కత్తిరింపు వల్ల కాపు వానలకు ముందే, మార్చిలోనే అందింది. తల్లి మొక్క 41 పండ్లు, డ్రమ్ములోంచి దించినది 26, పాత 15×15 చెట్టు 29. 12 నుంచి పెంచినది 17. కాయ మెడ వంగి, మెత్తబడ్డాకే కోస్తున్నాను. పచ్చిగా కోస్తే అంజూర ఇంట్లో పండదు. పికిలి పిట్టలకూ ఆ సంగతి తెలుసు కాబట్టి పండ్లకు వల సంచులు తొడిగాను.

ఇప్పుడు నా వరస ఇదీ: కొమ్మ ముక్క లీటరు సీసాలో, తర్వాత 9×9, ఏడాది తిరిగేసరికి 15×15, మరో ఏడాదికి 18×18. ఆపైన పెంచను, వేర్లు కోస్తాను. ఊరికి తరచూ వెళ్లేవాళ్లు 12×12లో కాపు ఆశించకండి. ఈ అక్టోబరుకు పాత 15×15 చెట్టు 18లోకి వెళ్లాలి. దాని బ్యాగు కుట్లు ఎండకు చిట్లడం మొన్ననే చూశాను, అది అప్పటిదాకా ఆగితే చాలు.