పదిహేనేళ్ల మారుతికి పాసింగ్

నేను స్టోర్ లెక్కలు రాసే బొగ్గు లారీల వర్క్‌షాపులో ఒక మూల కొన్ని టైర్లు ఎప్పుడూ కొత్తగానే ఉంటాయి. వాటిని రోడ్డు మీద తిరగనివ్వరు. ఏదైనా లారీ ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లే ముందు రాత్రి బిగిస్తారు, సర్టిఫికెట్ చేతికి రాగానే విప్పి మళ్లీ ఆ మూలకే చేరుస్తారు. వాటిని పాసింగ్ టైర్లంటారు. మహారాష్ట్రలోని ఈ చంద్రపూర్ జిల్లాలో బండి పరీక్షను మరాఠీవాళ్లూ, మనవాళ్లూ అందరూ పాసింగ్ అనే అంటారు. ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కాబట్టి ఆ టైర్ల రాకపోకలు రాసే పుస్తకం తొందరగానే నిండుతుంది.

2024 వేసవిలో నా సొంత కారు వంతు వచ్చింది. 2009 జూన్‌లో రిజిస్టరైన మారుతి 800. సొంత కార్ల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆపైన బండిని అధికారికి చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. వర్క్‌షాపు కుర్రాళ్లు ముచ్చటపడ్డారు. “అన్నా, ఒక్క పూట ఇవ్వండి. లైట్లు వెలిగిస్తాం, అడుగున నల్లరంగు కొడతాం, మంచి టైర్లు తగిలిస్తాం. కళ్లు మూసుకుని పాసవుతుంది” అన్నారు. పాసవుతుందనడంలో నాకూ అనుమానం లేదు. అయితే ఆ కారులో వెనక సీటు మీద నా కొడుకు కూర్చుంటాడు. బల్లార్షా నుంచి వర్ధా నది వంతెన దాటి, రాజురా మీదుగా ఆసిఫాబాద్ వెళ్లే దారిలో ముందూ వెనకా బొగ్గు, సిమెంటు లారీలే. వాటిలో ఎన్ని ఏ టైర్లతో పరీక్షకు వెళ్లాయో నా పుస్తకమే చెబుతుంది. అందుకే ఇంటి దగ్గరే చేసుకుంటానన్నాను.

ఈ కారుకు ఇది మొదటి పరీక్ష కాదు. ఆదిలాబాద్ జిల్లాలో ఏపీ 01 నంబరుతో పుట్టింది. ఉద్యోగానికి నేనిటు వచ్చాక అదీ వచ్చింది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి మరో రాష్ట్రంలో ఏడాదికి మించి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలన్నది చట్టం. పాత జిల్లా నుంచి నిరభ్యంతర పత్రం, ఇక్కడ కొత్త దరఖాస్తు, బండి వయసును బట్టి మళ్లీ పన్ను. అదంతా పూర్తయి ఎంహెచ్ 34 పలక తగిలేసరికి నా ఓటు ఇంకా ఆసిఫాబాద్‌లోనే ఉంది. మా ఇంట్లో మహారాష్ట్ర వాసి అయిన మొదటి ప్రాణి కారే అని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. నది అవతలి రాజురా కథ ఇంకా విచిత్రం. 1956 దాకా అది హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లాలోది. తరవాత నాందేడ్‌లో కలిపారు, 1959లో చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాకు మార్చారు. అక్కడి తెలుగువాళ్లు ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారారు. వాళ్లను నిరభ్యంతర పత్రం ఎవరూ అడగలేదు.

ఖర్చు మాటా చెప్పాలి. కార్ల రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. గడువు దాటితే నెలకు 500 జరిమానా. పర్యావరణ పన్ను వేరు. బీమా, కాలుష్య పత్రం అమల్లో ఉండాలి. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు కాబట్టి నేను ఏప్రిల్‌లోనే పని మొదలుపెట్టాను. మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు దాటడం వార్తే కాదు. ఎండలో మరిచిపోయిన పానాను తొమ్మిది గంటలకు వట్టి చేత్తో పట్టుకోలేం. అందుకని పనంతా తెల్లవారుజామునే.

నాకు తోడు మా ఆవిడ మేనమామ. కాగితపు మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. నాకు విడిభాగాల పేర్లు, ధరలు తెలుసు. ఆయనకు చేతిపని తెలుసు. “మొదట వెనక చక్రాలు ఊడదీయి అల్లుడూ. బల్బులదేముంది, ఆఖరున చూసుకోవచ్చు” అన్నారు.

“హ్యాండ్‌బ్రేక్ ఒకటే కదా మామా సరిగా లేనిది? కేబుల్ బిగిస్తే సరిపోదా?”

“లీవరు పైకంటా వస్తోందంటే కేబుల్ సాగిందని ఎవరు చెప్పారు? లోపల చూడనిదే కేబుల్ ముట్టుకోను.”

జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి దూరడం ఆయన ముందు కుదరదు. బల్లార్షాలో ఇనుప స్టాండ్లు కొనడం కంటే టేకు తుండ్లు సంపాదించడం తేలిక. ఇక్కడి డిపో టేకు అంత పేరున్నది. 2023లో అయోధ్య గుడి తలుపులకు చంద్రపూర్ టేకే వెళ్లింది. కలప కోతమిల్లు నుంచి తెచ్చిన వెడల్పాటి తుండ్లు అడ్డంగా, నిలువుగా పేర్చి బండిని వాటి మీదికి దించాం. విప్పిన చక్రాన్ని కూడా అడుగుకు తోసి, ముందు చక్రాలకు రాళ్లు పెట్టాకే ఆయన పడుకున్నారు.

ఎడమ వెనక చక్రం బ్రేక్ డ్రమ్ము ఊడిరాలేదు. తుప్పు పట్టి హబ్బుకు అతుక్కుపోయింది. డ్రమ్ము ముఖం మీద రెండు మర రంధ్రాలుంటాయి. వాటిలో బోల్టులు చెరో చుట్టు బిగిస్తూ పోతే డ్రమ్ము తనంతట తానే బయటికి జరుగుతుంది. సుత్తితో బాదేవాళ్లకు ఆ రంధ్రాలు ఎందుకున్నాయో తెలియదని మామ సణుగుడు. లోపల బ్రేక్ ధూళిని ఊదనివ్వలేదు. డ్రమ్ముకు లోపల రాసుకుని చక్రాన్ని ఆపే బ్రేక్ షూలలో ఆస్బెస్టాస్ ఉండే కాలం నుంచి ఆయనకు అదొక నియమం, తడిగుడ్డతోనే తుడవాలి. తుడిచాక కనిపించింది. షూలను డ్రమ్ము మీదికి నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు చచ్చి, బ్రేక్ ఆయిల్ కారి, షూ పొర అంతా నానిపోయి ఉంది. ఆ చక్రానికి బ్రేకు పేరుకే ఉంది. ముందు డిస్కులు బాగుండటంతో పెడల్ తొక్కినప్పుడు తేడా తెలియలేదు. కేబుల్ బిగించి ఉంటే హ్యాండ్‌బ్రేక్ నాలుగు టిక్కులకే పట్టేది, పరీక్షలోనూ నిలిచేది. ఆయిల్ మాత్రం లోపల కారుతూనే ఉండేది.

చంద్రపూర్‌లో విడిభాగాల దుకాణంలో మొదట అడిగేది “ఒరిజినలా, లోకలా?” అని. ఈ మోడల్ తయారీ 2014 జనవరిలో ఆగిపోయినా సరుకుకు కొరత లేదు. బ్రేకుల విషయంలో లోకల్ వద్దన్నాను. వీల్ సిలిండర్లు రెండు వైపులవీ మార్చాం. ఒక వైపు రబ్బరు చచ్చిందంటే అదే వయసున్న రెండోది ఎంతో కాలం నిలవదు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, తేమ చేరిన ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది. మా ఎండలకు పాత నల్లటి ఆయిల్ ఉంచుకోవడం తెలివితక్కువ పని. మొత్తం తీసి కొత్తది పోసి బ్రేకు గొట్టాల్లోని గాలి తీశాం. పెడల్ పని మా అబ్బాయిది. మామ కింద నుంచి “తొక్కు, పట్టు, వదులు” అంటుంటే వాడు స్టీరింగు పట్టుకుని సైనికుడిలా తొక్కాడు. షూలు సర్దుకున్నాకే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ నట్టు తిప్పాం. ఒక్క చుట్టు కూడా పట్టలేదు.

కరెంటు పని హాస్యంగా ఉంది. బ్రేకు తొక్కితే కుడి ఇండికేటరు మినుకుమంటోంది. బల్బు మార్చినా అంతే. ఇలాంటి వింతలకు తొంభై పాళ్లు ఎర్తే కారణం. దీపం నుంచి బాడీకి వచ్చే ఎర్తు వైరు స్క్రూ కింద తుప్పు పడితే కరెంటు తిరుగుదారి వెతుక్కుంటూ పక్క బల్బు గుండా పోతుంది. స్క్రూ విప్పి, ఉప్పు కాగితంతో రేకు మెరిసేదాకా గీకి, వ్యాజలిన్ రాసి బిగించాం. నంబరు ప్లేటు దీపం ఎన్నేళ్లుగా వెలగడం లేదో దేవుడికే తెలియాలి. హెడ్‌లైట్ల ఎత్తు రాత్రి గోడ మీద సున్నపు గీత గీసి సరిచేశాం. ఎదుటివాడి కళ్లలో పడకూడదు, ఎడమ అంచు కనబడాలి.

కాలుష్య పత్రం దగ్గర బండి మొదటిసారి తప్పింది. పాత కార్బొరేటరు బండ్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా అనుమతి. భారత్ స్టేజ్-2, స్టేజ్-3 పొగ ప్రమాణాలతో వచ్చిన పెట్రోలు కార్లకు అది 0.5 శాతం. మాది ఇంజెక్షన్ బండి, రెండో కోవలోకి వస్తుంది. పరీక్ష చేసిన కుర్రాడు ‘ఏదో కలిపే’ మందు సీసా చూపించాడు. వద్దని ఇంటికి వచ్చి ఎయిర్ ఫిల్టరు తీస్తే బొగ్గు ధూళి పెళ్లలుగా రాలింది. అసలు దొంగ అది కాదు. ఇంజిను కింద పొగ గొట్టం కలిసే చోట ప్యాకింగు కాలిపోయి ఉంది. ఆ సందులోంచి బయటి గాలి చొరబడితే ఆక్సిజన్ సెన్సరు మోసపోతుంది. పెట్రోలు తక్కువైందని ఇంజిను కంప్యూటరుకు చాడీ చెబుతుంది, కంప్యూటరు ఇంకొంచెం పోస్తుంది. ప్యాకింగు ధర ఒక పూట టిఫిను ఖర్చు కంటే తక్కువ. దాన్ని, ఫిల్టరును మార్చి, ఇంజిను బాగా వేడెక్కేలా చంద్రపూర్ దాకా నడిపి నేరుగా పరీక్షకు పెట్టాం. వేడెక్కితేగాని పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టరు పనిలోకి దిగదు. ఈసారి సులువుగా దాటింది.

అడుగు రేకు సంగతి అందరూ చెప్పేదే. కాని ఇక్కడ కారణం వేరు. తలుపుల కింద, అడుగున నీళ్లు పోయే రంధ్రాల్లో వాన నీళ్లతో బొగ్గు ధూళి కలిసి బురదై గట్టిపడుతుంది. రెండు వానకాలాలు అలా నీళ్లు నిలిస్తే రేకు లోపలి నుంచి కుళ్లుతుంది. డ్రైవరు పాదాల కింద తివాచీ ఎత్తితే అరచేయంత చోట వేలు దిగింది. నల్లరంగు కొట్టి ఉంటే అది పైకి తెలిసేదే కాదు. వెల్డింగు మాకు చేతకాదు. ఆ ఒక్క పనికి బయటి మిస్త్రీ దగ్గరికి వెళ్లి రేకు అతికించుకొచ్చాం. రంధ్రాలన్నీ తీగతో పొడిచి తెరిచాం.

ఆఖరున మామ ఛాసిస్ నంబరు చూపించమన్నారు. ఇంజిను గది వెనక గోడ మీద అచ్చు వేసి ఉండాల్సిన నంబరు కనబడదే! ఎప్పుడో డెంటింగ్ చేసినవాడు దాని మీద కూడా లప్పం పెట్టి రంగు కొట్టాడు. పరీక్షలో పెన్సిలు రుద్ది ఆ నంబరు అచ్చు కాగితం మీద తీసుకుంటారు. అది చదవరాకపోతే బ్రేకులు ఎంత బాగున్నా బండి ఎవరిదని అడుగుతారు. థిన్నరు, మెత్తటి బ్రష్షుతో ఒక్కో అంకె వెలికి తీయడం బ్రేకుల పనంత ఓపిక తిన్నది. గీకితే అంకె అరిగిపోతుంది, అరిగితే దిద్దినట్టు అనుమానం వస్తుంది.

పరీక్ష మైదానంలో వరసలో నిలబడ్డాం. వెనక వ్యానువాడు మరాఠీలో “భావు, మీ స్టెప్నీ పది నిమిషాలు ఇస్తారా? నాది పంక్చరు దుకాణంలో ఉండిపోయింది” అన్నాడు. మామ వద్దన్నట్టు కళ్లతోనే చెప్పారు. నేను వర్క్‌షాపు మూలలోని టైర్లను తలచుకుని ఒక్క క్షణం తటపటాయించి, అది మీ బండికి సరిపోదని చెప్పాను. అబద్ధం కాదు, నాది 12 అంగుళాలది. అతను ముందు వరసలో ఇంకెవరినో అడిగి తెచ్చుకున్నాడు, పాసయ్యాడు కూడా.

ఇన్‌స్పెక్టరు మా బండి దగ్గర గడిపిన సేపు చాలా తక్కువ. నంబరు అచ్చు రెండుసార్లు తీయించారు. లైట్లు, హారన్, వైపరు, ఇండికేటర్లు చూశారు. టైర్ల గాడి లోతు చూసి తలూపారు, 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని నియమం. కొంచెం నడిపించి బ్రేకు వేయించారు. తివాచీ ఎత్తలేదు, కిందికి వంగలేదు. ఆయన్ని తప్పుపట్టను. ఆ మైదానంలో అన్ని బండ్లకు ఒక్క మనిషి ఏం చేయగలడు? చక్రాల కింద రోలర్లు పెట్టి బ్రేకు బలం కొలిచే ఆటోమేటిక్ పరీక్షా కేంద్రాలు అన్ని జిల్లాలకూ వస్తే నానిపోయిన షూ దాగదు, పాసింగ్ టైరుకూ అంత లాభం ఉండదు. అప్పటిదాకా ఈ పరీక్ష బండి ఉనికికి రుజువు, బాగోగులకు కాదు.

కొత్త గడువు 2029 జూన్. అప్పటికి దానికి ఇరవై ఏళ్లు నిండుతాయి. 2025 ఆగస్టు నుంచి ఇరవై దాటిన కార్లకు పొడిగింపు రుసుము 10,000 చేశారు. ఆ లెక్క విని మా ఆవిడ “అప్పటికి దాని ధర అంత ఉంటుందా అండీ?” అంది. మామ మాత్రం వేరే సంగతి పట్టుకున్నారు. ముందు కుడి చక్రం యాక్సిల్ జాయింటును కప్పే రబ్బరు బూటు ఎండకు పగిలి గ్రీజు చిమ్ముతోంది, మలుపులో టకటక చప్పుడు ఇంకా మొదలవలేదు. చప్పుడు మొదలైతే జాయింటే మార్చాలి, ఖర్చు పది రెట్లు. ఇన్‌స్పెక్టరు దాన్ని చూడలేదు కాబట్టి ఆగవచ్చు కదా అన్నాను. ఆయన అప్పటికే టేకు తుండ్లు లెక్కపెడుతున్నారు.