మునిగి లేచిన పడవ బేరానికి వచ్చినప్పుడు

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలు పాతబస్తీని ముంచెత్తిన తర్వాతి నెలల్లో, నీట మునిగిన మోటారు సైకిళ్లు, జనరేటర్లు, పంపుసెట్లు మా ఊళ్లో చవకగా చేతులు మారాయి. పైపైన కడిగి, రంగు వేసి, ఒకసారి స్టార్టు చేసి చూపిస్తే చాలు, కొనేవాళ్లు కొన్నారు. డీజిల్ ఇంజన్ల మరమ్మతు వృత్తిగా ఉన్న నా దగ్గరికి వాటిలో చాలా భాగం మరుసటి ఎండాకాలానికల్లా వచ్చి చేరాయి. నీళ్లు చేసిన నష్టం ఆ రోజే కనబడదని, తీరిగ్గా బయటపడుతుందని అప్పుడు దగ్గరనుంచి చూశాను. రోడ్డు మీది బండి ఆగిపోతే దిగి తోసుకుంటూ పోవచ్చు. ఆషాఢపు గాలికి అలలు లేచే వేళ శ్రీశైలం జలాశయం నడుమ ఇంజను ఆగిపోతే ఆ వీలు ఉండదు కాబట్టి, పడవ విషయంలో ఈ సంగతి ఇంకా గట్టిగా ఆలోచించాలి.

ఆత్మకూరు వైపు చేపల వ్యాపారం చేసే మా చిన్నాన్న కొడుకు ఈమధ్య ఒక ఫైబర్ బోటును చూసి చెప్పమని నన్ను వెంట తీసుకువెళ్లాడు. లోపల డీజిల్ ఇంజను బిగించిన బోటు. కొత్తదాని ధరలో సగానికంటే తక్కువకే ఇస్తున్నారు. అమ్మేవాయన దాచలేదు: ఒడ్డున కట్టేసి ఉండగా వానకు నిండి మునిగిందని, తీయించి బాగుచేయించానని చెప్పాడు. "అన్నా, ఇంజను ఒక్క దెబ్బకు స్టార్టయింది, నేనే చూసినా" అని మావాడి ఉత్సాహం. స్టార్టు కావడం అనే పరీక్షకు నేను పెద్ద విలువ ఇవ్వను. అలాంటి బోటు విలువను తేల్చే ప్రశ్నలు మూడు: ఎందుకు మునిగింది, ఎలాంటి నీళ్లలో ఎంతకాలం ఉంది, పైకి తీసిన మొదటి రోజు దానికి ఏం చేశారు. వీటిలో మూడోదే ముఖ్యమని నా అభిప్రాయం. దాన్నే ఎవరూ అడగరు.

చాలామంది నమ్మని విషయం ఒకటి చెప్పాలి. మంచినీళ్లలో మునిగి ఉన్నంతసేపు ఇంజను లోపలి ఇనుము నెమ్మదిగానే పాడవుతుంది, ఎందుకంటే అడుగు నీళ్లలో ప్రాణవాయువు తక్కువ. పైకి తీసి గాలి తగలనిచ్చాక, తడి బోరు మీద, అంటే పిస్టన్ ఆడే సిలిండరు లోపలి గోడ మీద, తుప్పు గంటల్లోనే మొదలవుతుంది. అందుకే అనుభవమున్న మెకానిక్కులు, పనిముట్లు సిద్ధం చేసుకున్న తర్వాతే ఇంజనును పైకి తీయమంటారు. తీసిన వెంటనే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు ఊడదీసి, చేత్తో తిప్పి, సిలిండర్లలోని నీళ్లను బయటికి కొట్టించాలి. పాత ఆయిలు దించి, కొత్తది పోసి తిప్పి, అదీ దించి మళ్లీ పోయాలి. ఆయిలులో మజ్జిగ రంగు పోయేదాకా ఇది సాగాలి. ఆ తర్వాత బాగా వేడెక్కేంత సేపు నడపాలి. ఈ పని ఆ రోజు కాకుండా వారం తర్వాత జరిగి ఉంటే, పైకి ఎంత మెరుస్తున్నా ఆ ఇంజను బోరు, బేరింగులు, ఫ్యూయల్ పంపు దెబ్బతినే ఉంటాయి. ఉప్పునీటి సంగతి వేరు. అక్కడ గంటలు కూడా లెక్కే. కోస్తా రేవుల నుంచి లారీల మీద మన వైపు వచ్చే పాత బోట్లలో అల్యూమినియం భాగాలను గోరుతో గీకి చూడండి. తెల్లని పొడి రాలితే, అది మునిగినా మునగకపోయినా, ఉప్పు తిన్న వస్తువే.

ఇంకో చేటు కూడా ఉంది. సిలిండర్లో నీళ్లుండగా ఎవరో ఆత్రంగా సెల్ఫ్ కొట్టి ఉంటారు. గాలి నొక్కుకుపోయినట్లు నీళ్లు నొక్కుకుపోవు కాబట్టి, పిస్టన్ పైకి రాలేక, దాన్ని కిందనుంచి నెట్టే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కొద్దిగా వంగిన రాడ్‌తో ఇంజను నెలలు నడుస్తుంది, ఒకనాడు బరువు మీద ఉండగా విరిగి బ్లాకును పగలగొట్టుకుని బయటికి వస్తుంది. సిలిండర్ల పైమూత అయిన హెడ్ విప్పి, ప్రతి పిస్టన్ పై చివరికి వచ్చినప్పుడు ఎంత ఎత్తుకు వస్తోందో కొలిస్తే ఇది పట్టుబడుతుంది. ఒకటి మిగతావాటికంటే కిందే ఆగితే అనుమానించాలి. హెడ్ విప్పనివ్వని వారి దగ్గర ఇంజనుకు పాత ఇనుము ధర కట్టాలి.

ఇంజనుదేముంది, మార్చుకోవచ్చు. నన్ను ఎక్కువగా భయపెట్టేది పడవ ఒళ్లు. చాలా ఫైబర్ బోట్లలో రెండు పొరల మధ్య, పలకల కింద మూసిన గదుల్లో నురుగు నింపుతారు. పడవ నిండినా పూర్తిగా మునగకుండా కాపాడవలసింది ఆ నురుగే. రోజుల తరబడి నీళ్లలో నానితే అది నీటిని పీల్చుకుంటుంది, పైన మూత ఉండడం వల్ల ఏళ్లు గడిచినా ఆరదు. లీటరు నీళ్లంటే కిలో బరువు; నూట యాభై లీటర్లు లోపల నిలిస్తే, ఒడ్డు వదలకముందే ఇద్దరు మనుషులు ఎక్కి కూర్చున్నట్లు లెక్క. పడవ అంచు అంతమేర నీటికి దగ్గరవుతుంది, అసలు ఆపద వచ్చిన రోజున తేల్చాల్సిన నురుగే ముంచే బరువవుతుంది.

దీన్ని పట్టుకోవడానికి మన ప్రాంతంలో ఒక సులువుంది. బేతంచెర్ల బండల లారీల పుణ్యమా అని ఈ చుట్టుపక్కల కాటాలకు కొదవ లేదు. ఖాళీ లారీకి ఒక కాటా చీటీ, బోటును ఎక్కించాక ఇంకొకటి తీసుకుంటే తేడా తెలిసిపోతుంది. దాన్ని తయారీదారు చెప్పిన ఖాళీ బరువుతో, ఇంజను బరువు కలుపుకుని పోల్చాలి. పది ఇరవై కిలోల తేడాను లారీ కాటా నమ్మకంగా చూపకపోవచ్చు, కానీ వంద కిలోలు దాక్కోలేవు. ఆ బరువు నురుగులోనే ఉందో లేదో ఖాయం చేసుకోవాలంటే, పలకలో వేలు దూరేంత రంధ్రం తొలిచి చిటికెడు నురుగు తీసి పిండాలి. రంధ్రాన్ని మళ్లీ పూడ్చడం అరగంట పని.

ఇంజను కూర్చునే దిమ్మెల లోపల, బయట తగిలించే ఇంజనైతే వెనుక గోడ లోపల, సాధారణంగా చెక్క ఉంటుంది. బోల్టు రంధ్రాల గుండా నీళ్లు చేరి అది లోలోపల కుళ్లుతుంది. రూపాయి బిళ్లతో జానకొక దెబ్బ చొప్పున కొట్టుకుంటూ పోవాలి: గట్టి చోట టక్కుమంటుంది, కుళ్లిన చోట శబ్దం చచ్చిపోతుంది. మావాడు చూపిన బోటులో కుడివైపు దిమ్మె వెనుక భాగం, చాటెడు మేర, అలా మూగగా పలికింది. అక్కడి బోల్టుల కింద నుంచి గోధుమ రంగు చార కొత్త పెయింటు మీదుగా కారి ఉంది. పడవ అడుగు లోపలి వైపు ఎవరూ చూడని చోట కొత్త రంగు వేసి ఉంటే, దాని కింద ఏముందో అడగడం కొనేవారి హక్కు.

వైర్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. చివరలు కొత్తగా కత్తిరించి బిగించి ఉంటాయి కాబట్టి, మధ్యలో ఒకచోట తొడుగు చీల్చి చూడాలి; రాగి నల్లబడి ఉంటే ఆ వైరు మొత్తం మార్చాల్సిందే. అన్నిటికంటే ముందు అడుగు నీళ్లు తోడే పంపు వైరు చూడాలి.

మన నదుల్లో తిరిగే పుట్టికి ఈ బెడద లేదు. వెదురు బద్దల అల్లిక, దానిమీద పట్టా, పైన తారు. మునిగితే బోర్లించి ఆరబెట్టి చిరుగు కనబడిన చోట తారు పూస్తారు. దాచడానికి అందులో చోటే లేదు. పెద్ద బోట్లకు మునక ఎంత చేటో, తీయడమూ ఒక్కోసారి అంతే చేటు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన పర్యాటక బోటును అక్టోబరు 22న పైకి లాగేటప్పటికి అది ఛిద్రమైపోయింది. నీళ్లు నిండిన పడవకు తాళ్లు కట్టి ఒకవైపు నుంచి లాగితే, ఆ బరువంతా రెండు మూడు చోట్ల పడి లోపలి అతుకులు విడిపోతాయి. అందుకే ఎక్కడ తాళ్లు కట్టి లాగారో అడిగి, ఆ చోట్ల సన్నని పగుళ్ల కోసం వేలితో తడిమి చూడడం మంచిది.

కాగితాల మాట. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 నాటి అంతర్గత జలరవాణా నౌకల చట్టం ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే ఇంజను బోట్లకు రిజిస్ట్రేషను, తనిఖీ ధ్రువపత్రం, బీమా కావాలి. పత్రం ఉందా అని అడిగితే సరిపోదు, దాని తేదీ చూడాలి. మునకకు ముందు ఇచ్చిన తనిఖీ పత్రం ఇప్పటి పడవ గురించి ఏమీ చెప్పదు. బీమావారికి మునక సంగతి చెప్పకుండా పాలసీ తీసుకుంటే, పరిహారం అడిగిన రోజున అదే అడ్డంకి అవుతుంది.

నా మట్టుకు నేను, ఒకసారి మునిగిన బోటును మనుషులను దాటించే పనికి కొనమని ఎవరికీ చెప్పను, ధర ఎంత తగ్గినా సరే. ఒడ్డుకు దగ్గరగా వలలు వేసుకోవడానికైతే, ఇంజనును లెక్కలోంచి తీసేసి, దిమ్మెలు మార్చే ఖర్చు కోసేసి, మిగిలిన ఒంటికి మాత్రమే ధర కట్టవచ్చు. అదీ రెండు షరతుల మీద: మనుషుల బరువుకు సమానంగా ఇసుక మూటలు వేసి ఒక రాత్రంతా నీళ్లలో ఉంచి, తెల్లారి అడుగున ఎన్ని నీళ్లు చేరాయో చూడాలి, నురుగు పరీక్షకు రంధ్రం తొలచనివ్వాలి. అమ్మేవాయన మొదటిదానికి ఒప్పుకున్నాడు, రెండోదానికి ఒప్పుకోలేదు. కాటా చీటీలు తెచ్చేదాకా బయానా ఇవ్వవద్దని మావాడికి చెప్పాను.