కొత్త డిస్కు వేశాక డీవీఆర్ మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంటే: నా అనుభవం

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమిషన్ కొట్టు. 8 ఛానళ్ల డీవీఆర్‌లో (సీసీ కెమెరాల బొమ్మల్ని రికార్డు చేసే పెట్టె) ఉన్న 1 టీబీ డిస్కు తీసి 4 టీబీ డిస్కు వేశారు. పనిలో పనిగా కాటా మీదికి కొత్త కెమెరా ఒకటి పెట్టారు. అప్పట్నుంచి ఆన్ చేస్తే లోగో వస్తుంది, డిస్కు తిరగబోతుంది, తెర నల్లబడుతుంది, మళ్లీ లోగో. "కొత్త డిస్కే పాడైంది అన్నా, మార్చి ఇమ్మందాం" అన్నాడు గుమాస్తా. ఇలాంటప్పుడు అందరికీ ముందు కొత్త డిస్కు మీదే అనుమానం వస్తుంది. నేను మాత్రం ముందు కరెంటు చూస్తాను. బోర్డుకీ డిస్కుకీ కలిపి చాలినంత కరెంటు అందకపోతే సరిగ్గా ఇలాగే అవుతుంది.

లోగో దగ్గర ఆగిపోవడం వేరు, లోగో వచ్చి రీస్టార్ట్ అవడం వేరు. ఆగిపోతే ఎక్కువగా బోర్డుకి డిస్కు సరిగ్గా జవాబివ్వడం లేదని అర్థం. అప్పుడు సాటా కేబులో (డిస్కునీ బోర్డునీ కలిపే డేటా తీగ), చావుకి దగ్గరైన డిస్కో, ఆ మోడల్ తట్టుకోలేని సైజో అయి ఉంటుంది. మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంటే ఎక్కువగా వోల్టేజీ పడిపోతోందని అర్థం. కాబట్టి మూత తీయకముందు ఒక నిమిషం ఊరికే చూడాలి, వినాలి. ఇక్కడ డిస్కు సన్నగా కూత పెడుతూ వేగం అందుకుంటోంది, సగంలోనే ఆ కూత దిగిపోతోంది, హెడ్డు టక్కుమని వెనక్కి వెళ్తోంది. వెంటనే తెర నలుపు. పాడైన డిస్కు అయితే ఎక్కువగా వేగం అందుకున్నాక ఒకే లయలో టిక్కు టిక్కుమంటూ కొట్టుకుంటుంది.

తర్వాత అన్నీ పీకేయాలి. మౌస్, పెన్‌డ్రైవ్, లాన్ కేబుల్, కెమెరాల బీఎన్‌సీలు (కెమెరా తీగల చివర ఉండే గుండ్రటి కనెక్టర్లు), డిస్కు పవర్ కేబుల్, సాటా కేబుల్. మానిటర్ ఒక్కటీ ఉంచి ఆన్ చేస్తే లోగో దాటి లైవ్ తెర వచ్చింది, ఆపకుండా బీప్ మొదలైంది. డిస్కు లేదని చెప్పే బీప్ అది. దాంతో బోర్డూ ఫర్మ్‌వేరూ బాగానే ఉన్నాయని తేలింది. డిస్కు లేకుండా కూడా రీస్టార్ట్ అవుతుంటే అడాప్టర్ మార్చి చూడాలి, అప్పటికీ మారకపోతే బోర్డు మీద ఉబ్బిన కెపాసిటర్లు వెతకాలి. ఆ బీప్‌ని ఎక్సెప్షన్ మెనూలో (హెచ్చరికల సెట్టింగులు) శాశ్వతంగా ఆపేసేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. రేపు డిస్కు నిజంగా చచ్చిపోయినా ఎవరికీ తెలియదు, రికార్డింగు కావలసిన రోజున ఖాళీ తెర కనిపిస్తుంది.

ఇక మీటరు. అడాప్టర్ మీద 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంది. డిస్కు లేకుండా కొలిస్తే 12.2 చూపించింది. ఇక్కడితో ఆగి "అడాప్టర్ బాగుంది" అనేస్తారు చాలామంది. లోడు లేనప్పుడు ముసలి అడాప్టర్ కూడా 12 చూపిస్తుంది. డిస్కు తగిలించి, దానికి వెళ్లే పవర్ కేబుల్లో పసుపు తీగకీ నలుపు తీగకీ మధ్య మీటరు పెట్టి, కనిష్ఠ విలువను పట్టే మోడ్‌లో ఆన్ చేయాలి. పసుపు 12 వోల్టులు, ఎరుపు 5 వోల్టులు. డిస్కు తిరగడం మొదలైన క్షణంలో పసుపు 9.8కి పడిపోయింది. 3.5 అంగుళాల డిస్కులకు 12 వోల్టుల మీద అటూ ఇటూ 10 శాతం తేడా వరకే ఫర్వాలేదు, అంటే 10.8 కన్నా దిగకూడదు. 5 వోల్టుల లైను 4.75 కన్నా దిగకూడదు.

డిస్కు లేబుల్ మీద ఉండే ఆంపియర్లు మామూలుగా తిరుగుతున్నప్పటివి. నిలిచి ఉన్న ప్లాటర్లను (డిస్కు లోపలి పళ్లేలు) తిప్పడం మొదలుపెట్టే ఆ కొన్ని సెకన్లు 4 టీబీ డిస్కు 12 వోల్టుల మీదే 2 ఆంపియర్లకు దగ్గరగా లాగగలదు. బోర్డు వాటా దానికి అదనం. పాత 1 టీబీలో ప్లాటర్లు తక్కువ, అందుకే అదే అడాప్టర్ ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది. 12 వోల్టుల 4 ఆంపియర్ల అడాప్టర్ పెట్టగానే కనిష్ఠం 11.7 దగ్గర నిలబడింది, డీవీఆర్ లేచింది. ఆంపియర్లు ఎక్కువ ఉన్నా ప్రమాదం లేదు, పరికరం తనకు కావలసినంతే తీసుకుంటుంది. వోల్టేజీ మాత్రం రికార్డర్ వెనక రాసిన దానితో సరిపోవాలి. పీఓఈ రికార్డర్లలో (నెట్‌వర్కు తీగలోంచే కెమెరాలకు కరెంటు ఇచ్చేవి) 48 వోల్టులవీ ఉంటాయి. పిన్ను సైజు కూడా చూడండి: 2.1 మి.మీ. జాక్‌లో 2.5 పిన్ను పెడితే వదులుగా కూర్చుంటుంది, కదిలినప్పుడల్లా రీస్టార్ట్ అవుతుంది.

మన దగ్గర ఇంకో అలవాటు ఉంది. కెమెరాలన్నింటికీ కలిపి పెట్టిన ఎస్ఎంపీఎస్ పవర్ సప్లై పెట్టెలోంచే ఒక తీగ లాగి డీవీఆర్‌కీ ఇచ్చేస్తారు. పగలంతా బాగానే నడుస్తుంది. చీకటి పడి కెమెరాల ఐఆర్ లైట్లు (రాత్రి చూపు కోసం ఉండే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు) వెలగగానే లోడు పెరిగి రీస్టార్ట్ అవుతుంది. సాయంత్రాలే పడిపోయే డీవీఆర్ కనిపిస్తే ముందు ఇది చూడండి. రికార్డర్‌కి విడిగా అడాప్టర్ ఉండాల్సిందే.

లేచింది గానీ డిస్కు ఒకసారి కనిపిస్తోంది, ఒకసారి లేదు. మూత తీస్తేనే ముక్కు మండింది, బోర్డంతా ఎర్రటి మిరప ధూళి. సాటా కనెక్టర్ లోపల కూడా పేరుకుంది. యార్డు చుట్టుపక్కల కొట్లలో ఇది మామూలే. మాస్కు పెట్టుకుని, పొడి బ్రష్షుతో దులిపి, బ్లోయర్‌తో ఊది, కనెక్టర్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. తడిబట్ట పెట్టొద్దు. సాటా కేబుల్ మాత్రం శుభ్రం చేసి తిరిగి వాడకుండా క్లిప్పు ఉన్న కొత్తది వేశాను. డిస్కు బిగించడానికి డీవీఆర్‌తో వచ్చే పొట్టి స్క్రూలే వాడాలి.

కొత్త డిస్కు మెనూలో "అన్‌ఇనిషియలైజ్డ్" అని కనిపిస్తుంది. అది ఎర్రర్ కాదు, ఇనిషియలైజ్ చేస్తే (అంటే డీవీఆర్ వాడుకోవడానికి వీలుగా ఫార్మాట్ చేస్తే) నార్మల్‌కి వస్తుంది. కానీ ఆ బటన్ నొక్కేముందు తెర మీద డిస్కు సైజు చదవండి. పాత డిస్కు మీద నొక్కితే అందులో ఉన్నదంతా పోతుంది. ఈ కొట్టులో టిక్కీల (మిర్చి బస్తాల) తూకం మీద ఒక రైతుతో పేచీ నడుస్తోంది, ఆ రికార్డింగు పాత డిస్కులోనే ఉంది. దాన్ని అదే డీవీఆర్‌లో ఒంటరిగా పెట్టి, కావలసిన గంటల్ని ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌కి బ్యాకప్ తీశాం. పాత డిస్కుని విండోస్ ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే ఫార్మాట్ చేయమని అడుగుతుంది. క్యాన్సిల్ కొట్టాలి.

డీవీఆర్ తేదీ 2000వ సంవత్సరం చూపిస్తోంది. బోర్డు మీద గడియారాన్ని నడిపే సీఆర్2032 బిళ్ల సెల్లు 2.4 వోల్టులకు దిగింది, కొత్తది 3 పైన ఉంటుంది. మార్చి, టైమ్ జోన్ 5:30 పెట్టి, ఎన్‌టీపీ (ఇంటర్నెట్ నుంచి టైము సరిచేసుకునే సౌకర్యం) ఆన్ చేశాను. తేదీ తప్పుంటే రికార్డింగు డిస్కులో ఉన్నా వెతికిన రోజు కింద దొరకదు.

కాటా కెమెరా తెర ఖాళీగానే ఉంది. కెమెరా 5 మెగాపిక్సెల్, డీవీఆర్ 2 వరకే తీసుకుంటుంది. కెమెరా సెట్టింగుల్లో 2కి దించితే బొమ్మ వచ్చింది. డిస్కు కొనేటప్పుడు కూడా ఇలాగే ముందు డేటాషీట్లో ఒక్కో సాటాకి గరిష్ఠం ఎన్ని టీబీలో చూసుకోవాలి, నిఘా కోసం చేసిన డిస్కే అడగాలి.

8 కెమెరాలు, ఒక్కోటి 2 ఎంబీపీఎస్ (సెకనుకి 2 మెగాబిట్లు) అయితే రోజుకి సుమారు 173 జీబీ. 4 టీబీ డిస్కు 23 రోజులు వస్తుంది, పాత 1 టీబీ ఆరు రోజులకే నిండిపోయేది. ఓవర్‌రైట్ (డిస్కు నిండితే పాతదాని మీదే కొత్తది రాసుకోవడం) ఆన్ చేసి, గంట ఆగి, ఒక్కో ఛానల్ ప్లేబ్యాక్ తీసి చూశాను. ఆ తర్వాత డీవీఆర్‌ని పూర్తిగా ఆపి, డిస్కు తిరగడం ఆగేదాకా ఉంచి, మళ్లీ ఆన్ చేసి కనిష్ఠ వోల్టేజీ ఇంకోసారి కొలిచాను. చివరగా మెయిన్ స్విచ్ దించి ఇన్వర్టర్ మీదికి మార్చాం. ఇన్వర్టర్ వెనక బటన్ యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. మామూలు మోడ్‌లో మారడానికి పట్టే ఆ కాస్త వ్యవధి చాలు, కరెంటు పోయినప్పుడల్లా డీవీఆర్ ఆగి మొదలవుతుంది.