ఈగలపెంట దాకా జీరో టికెట్

సూపర్ లగ్జరీలో సీట్లు దొరకలేదు. దాంతో హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో శ్రీశైలం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. లోపల కాలు పెట్టే సందు లేదు. నా పక్కన నిలబడ్డ తెల్లచొక్కా ఆయన తుక్కుగూడ దాటకముందే మొదలుపెట్టాడు: "డబ్బులిచ్చినోళ్లం నిలబడాలి, జీరో టికెటోళ్లు కూర్చోవాలి. ఇదేం న్యాయమండీ?"

2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకి బస్సు ఫ్రీ చేసిన మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఈ మాట వినని ప్రయాణం లేదు. నాకు ఆ పథకం మీద కోపం లేదు. ఎక్కేవాళ్లు ఇంతమంది పెరిగితే బస్సులు కూడా ఆ లెక్కన పెంచాలి కదా అనే నా బాధ. కాళ్లు లాగుతుంటే పక్కనుంచి కార్లు రయ్యిన దూసుకుపోతున్నాయి. చాలా కార్లలో ఒక్కడే మనిషి. వాళ్లలో సగం మంది ఇన్‌స్టాలో పర్యావరణం గురించి పోస్టులు పెడుతుంటారని నా అనుమానం.

కల్వకుర్తిలో సగం బస్సు దిగింది. సీటు దొరికాక మూడ్ మారింది. నా ముందు సీట్లో మాదాపూర్‌లో ఉద్యోగం చేసే అమ్మాయి, ఆమె పక్కన కల్వకుర్తిలోనే ఎక్కిన ఒక పెద్దావిడ. పెద్దావిడ ఒళ్లో రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా ఉంది. చుట్టూ తడి గోనెపట్టా చుట్టి దబ్బనంతో కుట్టేశారు. మూత రంగు వెలిసి తెల్లబడింది. ఏ ఏడాది నుంచి వాడుతోందో ఏమో! ఆ అమ్మాయి చేతిలో మాత్రం రాగి బాటిల్. తొమ్మిది వందలట.

చిన్నప్పుడు మేం శ్రీశైలానికి మార్కాపురం, దోర్నాల మీదుగా వెళ్లేవాళ్లం. నాన్న మరచెంబులో నీళ్లు తెచ్చేవాడు. అది ఖాళీ అయితే మళ్లీ బోరింగు కనిపించేదాకా దాహమే.

మన్ననూరు దగ్గర టీకి ఆపారు. ఇరవై రూపాయలు, అదీ రెండు గుటకలు. ప్లాస్టిక్ గ్లాసులు మానేసి పేపర్ కప్పులు పెట్టామని హోటలతను గొప్పగా చెప్పాడు. ఆ కప్పుకి లోపల పూసేది కూడా ప్లాస్టిక్ పొరే కదయ్యా, గాజు గ్లాసు లేదా అంటే, "కడగడానికి నీళ్లు మీరు తెస్తారా సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అక్కడే చెక్‌పోస్టు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవిలోకి బండ్లను వదలరు. ఒకతను బస్సెక్కి, ఇది పులుల అడవి, కవర్లూ సీసాలూ కిటికీలోంచి విసరొద్దని చెబుతూ పెద్దావిడ సీసా వైపు చూశాడు. "గిది పారేయనీకి తెచ్చుకున్ననా?" అందావిడ. అతను నవ్వుకుంటూ దిగిపోయాడు.

అమ్మాయికి మాటలంటే ఇష్టం. పాలనంతా ఏఐకి అప్పగిస్తే అవినీతి ఉండదంది. దానికి పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుందమ్మా అన్నాను. ఎలక్ట్రిక్ కారు కొంటే పొల్యూషన్ ఉండదంది. మన కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గుదే, అరవై మందిని మోసే ఈ డీజిల్ డబ్బా నీ కారు కంటే నయమేమో అన్నాను. ఒప్పుకోలేదు.

కరెంటు మాట వినపడగానే వెనక సీట్లు లేచాయి. "శ్రీశైలం డ్యాములో నీళ్లు 854 అడుగులు లేకుండానే మీవాళ్లు కరెంటు తీస్తే మా సీమకి నీళ్లెట్లా?" అని ఒకాయన. "పోతిరెడ్డిపాడు కాలువ నుంచి మీవాళ్లు తోడుకుపోయేది లెక్కలోకి రాదా?" అని తెల్లచొక్కా. డ్యాము నీటిమట్టం 885 అంటే నిండు, 854 అంటే గొడవ. ఈ రెండంకెలు తెలియనివాడు శ్రీశైలం బస్సులో ఉండడు. కుడిగట్టున 770 మెగావాట్లు ఆంధ్రావి, ఎడమగట్టున కొండ లోపల 900 మెగావాట్లు తెలంగాణవి. ఎడమగట్టు యంత్రాలు కరెంటు మిగిలినప్పుడు తిరగబడి కింది నీళ్లని మళ్లీ డ్యాములోకి ఎత్తిపోయగలవు. సోలార్ కరెంటు పెరుగుతున్న ఈ రోజుల్లో ఇంతకన్నా మంచి బ్యాటరీ ఏముంటుంది? దాని గురించి ఇద్దరిలో ఒక్కరూ మాట్లాడలేదు.

దోమలపెంట ఇంకా రాకముందే కండక్టర్ లేచాడు. "లేడీస్, ఈగలపెంట దాటేవాళ్లు టికెట్ తీసుకోండి. మన ఫ్రీ అక్కడిదాకే, ఆపైన ఆంధ్రా."

"ఆంధ్రాలో కూడా ఫ్రీ పెట్టారు కదా, ఆగస్టు పదిహేను నుంచి?" అంది అమ్మాయి.

"వాళ్ల బస్సులో, వాళ్ల ఆధార్‌కి తల్లీ."

టికెట్ ముప్పయ్యో నలభయ్యో. అమ్మాయి ఫోన్ తీసింది. సిగ్నల్ లేదు. పర్సులో మూడు కార్డులున్నాయి, నోటు ఒక్కటీ లేదు. కండక్టర్ మిషన్ పట్టుకుని నిలబడ్డాడు. పెద్దావిడ కొంగుముడి విప్పి నాలుగు పదులు తీసిచ్చింది. "ఫోన్ల పైసలున్నయంటవు, సేతుల లేవు. ఏం సదువులో బిడ్డా!"

వంతెన దాటి సున్నిపెంట ఎక్కేసరికి సిగ్నల్ వచ్చింది. బస్సంతా టింగు టింగుమంది. 854 అడుగుల ఆయన యూట్యూబ్‌లో మునిగిపోయాడు. అమ్మాయి ఫోన్‌పే నంబరు అడిగితే, పెద్దావిడ తనది మీటల ఫోనంది, మనవడి నంబరు గుర్తులేదంది. చివరికి అమ్మాయి నాకు యాభై పంపింది, నేను పెద్దావిడకి యాభై నోటిచ్చాను. తిరిగివ్వడానికి ఆవిడ దగ్గర పది లేదు.

"ఆ పది నీ పేరు మీద హుండీల ఏస్త బిడ్డా," అంది నాతో. డబ్బులు అమ్మాయివని చెప్పినా వినలేదు. నా పేరు అడిగింది, చెప్పాను. తర్వాత గోత్రం కూడా అడిగింది.