మా వ్యాన్‌లో లదాఖ్: శ్రీనగర్ నుంచి హాన్లే మీదుగా తాండీ దాకా

ఈ విడత మేం తిరిగిన దారి: శ్రీనగర్, సోన్‌మార్గ్, కార్గిల్, లామాయూరు, లేహ్, హాన్లే, చుమథాంగ్, పుగా, త్సో కార్, పాంగ్, సర్చూ, కేలాంగ్, తాండీ. సెప్టెంబరులో బయల్దేరాం. డ్రైవింగ్ నేనూ మా ఆయనా చెరి సగం పంచుకుంటాం. వ్యాన్‌లో కరెంటు పని నాది, ఇంజను పనీ వంటా ఆయనవి. అయితే ఎవరి పని అయినా రెండోవాళ్ళకి వచ్చి తీరాలని ముందే అనుకున్నాం. ఎందుకో హాన్లే దగ్గర చెప్తాను.

మనాలి వైపు నుంచి కాకుండా శ్రీనగర్ వైపు నుంచి ఎక్కడం బాగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం. మనాలి దారిలో జిస్పా 3,200 మీటర్ల దగ్గర ఉంటుంది, తర్వాత జనం ఆగే సర్చూ 4,290. ఒక్క రాత్రికి వెయ్యి మీటర్లు దాటిపోతుంది. 3,000 మీటర్ల పైన అయితే, పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదని వైద్యులు చెప్తారు. శ్రీనగర్ దారిలో ఈ లెక్క దానంతటదే కుదురుతుంది. జోజి లా (లా అంటే కనుమ) 3,528, ఫోటు లా 4,108 మీటర్లు. పగలు వాటిని ఎక్కినా రాత్రికి దిగిపోతాం. కార్గిల్ 2,700 లోపే, లామాయూరు, లేహ్ రెండూ 3,500 దగ్గర. అందుకే మా నోట్‌బుక్‌లో రోజూ రాసేది ఎన్ని కిలోమీటర్లు వచ్చామని కాదు, రాత్రి ఎంత ఎత్తులో పడుకున్నామని. వ్యాన్ ఉన్నందుకు అసలు లాభం ఇదే. గది బుక్ చేసుకున్న ఊరికి ఎలాగైనా చేరాలన్న తొందర ఉండదు. తల బరువెక్కితే కాస్త కింద, చదునైన చోట చూసుకుని ఆగిపోవచ్చు.

వ్యాన్ ఇప్పుడు ఎలా ఉంది

డీజిల్ వ్యాన్, టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తి పంపే పరికరం) ఉన్న ఇంజను. 5,000 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో సగం కంటే కొంచెమే ఎక్కువ. టర్బో లేని బండి అక్కడ ఆయాసపడుతుంది. మాది కనుమల్లో రెండో గేరులో నిదానంగా ఎక్కింది, ఎక్కడా మొరాయించలేదు.

లోపల మంచం, వంటగట్టు, సామాను పెట్టెలు అన్నీ బోల్టులు విప్పితే బయటికి వచ్చేలా చేయించాం. బాడీకి వెల్డింగ్ ఎక్కడా లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. మొదటిసారి వ్యాన్ కట్టుకునేవాళ్ళు ఈ సంగతి ముందు చూసుకుని, తర్వాతే వడ్రంగిని పిలవడం మంచిది.

కరెంటుకి 200 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, పైన 400 వాట్ల సోలార్, ఇంజను నడుస్తున్నప్పుడు చార్జి చేసే 30 ఆంపియర్ల డీసీ చార్జరు ఉన్నాయి. ఈ రకం లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జి చేయకూడదు. లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. బ్యాటరీని కాపాడే మంచి బీఎంఎస్ సర్క్యూట్ ఉంటే అదే చార్జింగ్ ఆపేస్తుంది. కానీ అప్పుడు బయట ఎండ ఎంత కాసినా మనకి కరెంటు రాదు. అందుకని బ్యాటరీని వెనక డిక్కీ నుంచి తీసి మంచం కింద, మేం పడుకునే చోటే, థర్మాకోల్ పెట్టెలో పెట్టాను. బయట నీళ్ళ సీసా గడ్డకట్టిన రాత్రి కూడా బ్యాటరీ 4 డిగ్రీల కంటే కిందికి పోలేదు. ఈ ట్రిప్‌లో నాకు బాగా తృప్తినిచ్చిన పని ఇది.

నీళ్ళ ట్యాంకు 60 లీటర్లు. దాని పంపు, పైపులు కూడా లోపలే. పడుకునే ముందు బయటి కుళాయిలో నీళ్ళు వదిలేసి మూత తీసి ఉంచుతాం.

పొయ్యి, కుక్కర్, హీటరు

గ్యాస్ సిలిండర్ 5 కిలోలది. అందులో బ్యూటేన్, ప్రొపేన్ కలిసి ఉంటాయి. చలి పెరిగేకొద్దీ బ్యూటేన్ ఆవిరి కావడం తగ్గుతుంది. పొద్దున్నే మంట సన్నబడేది అందుకే. సిలిండర్ కింద గోరువెచ్చని నీళ్ళ పళ్ళెం పెడితే అయిదు నిమిషాల్లో మంట మామూలవుతుంది. మంటతో మాత్రం సిలిండర్‌ని ఎప్పుడూ వెచ్చచేయకూడదు.

4,500 మీటర్ల దగ్గర నీళ్ళు దాదాపు 85 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో పెడితే కందిపప్పు గంటైనా ఉడకదు. కుక్కర్‌లో కూడా తేడా ఉంటుంది. కుక్కర్ వెయిట్ బయటి గాలి ఒత్తిడికి పైన ఇంకొంత కలుపుతుంది కాబట్టి, బయట గాలి పలచబడితే లోపలి వేడీ తగ్గుతుంది. కింద 120 డిగ్రీలకు చేరే కుక్కర్ అక్కడ 113 దగ్గర ఆగుతుంది. మా ఆయన పప్పుని పొద్దున్నే నానబెట్టి, విజిల్స్ రెట్టింపు చేసి, పొయ్యి ఆపాక కుక్కర్‌ని దుప్పట్లో చుట్టి పెట్టేవారు. గ్యాస్ చాలా ఆదా అయింది.

డీజిల్ హీటర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎత్తు ప్రదేశాల్లో దాన్ని అలాగే వాడితే మసి పట్టి ఆగిపోతుంది. గాలి పలచగా ఉన్నా పంపు మాత్రం కింద పోసినంత డీజిలే పోస్తుంది. పూర్తిగా కాలక నల్లపొగ వస్తుంది, డీజిల్‌ని అంటించే గ్లో ప్లగ్ చుట్టూ మసి పేరుకుంటుంది. చాలా హీటర్లలో కంట్రోలర్ సెట్టింగుల్లోకి వెళ్ళి పంపు వేగం తగ్గించుకోవచ్చు. లేహ్‌లో ఆగినప్పుడే దాదాపు మూడో వంతు తగ్గించాను. వేడి తగ్గింది కానీ పొగ పూర్తిగా పోయింది. పొగ గొట్టం బండి కింది నుంచి ఒక పక్కకి, గాలి పీల్చే గొట్టం రెండో పక్కకి ఉండాలి. దిండు దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోకుండా ఏ హీటరూ వేయొద్దు. ఆ గ్యాస్‌కి వాసన ఉండదు. పైగా తలనొప్పి, వికారం లాంటి దాని లక్షణాలు ఎత్తువల్ల వచ్చే జబ్బులాగే ఉంటాయి, రెండింటినీ విడదీయడం కష్టం.

హాన్లే

లేహ్‌లో ఒంటికి అలవాటయ్యేదాకా ఆగాం. పర్మిట్ కాగితాలు తీసుకుని కాపీలు ఎక్కువే చేయించాం, చెక్‌పోస్టుల్లో ఇస్తూ పోవాలి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లదాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. లేహ్ దాటాక 'కారు' అనే ఊళ్ళో డీజిల్ నింపాం. ఆ ఊరి నుంచి హాన్లే, త్సో కార్ మీదుగా తాండీ దాకా 600 కిలోమీటర్లు దాటుతుంది. మధ్యలో పంపు దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకుండా లెక్క వేశాం. కింద లీటరుకి 10 ఇచ్చే బండి ఇక్కడ 7, 8 ఇస్తుంది. ట్యాంకులో 70 లీటర్లు, పైన రెండు పది లీటర్ల జెర్రీ క్యాన్లు. డీజిల్ పొగని శుభ్రం చేయడానికి వాడే యాడ్‌బ్లూ ద్రవం కూడా ఒక క్యాన్ తీసుకున్నాం. అది -11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, కాబట్టి అదీ లోపలే.

లోమా దాకా దారంతా సింధు నది పక్కనే. లోమా దాటాక లోయ విశాలమవుతుంది, కియాంగ్‌లు (అడవి గాడిదలు) గుంపులుగా కనిపిస్తాయి. హాన్లే ఊరు 4,300 మీటర్ల దగ్గర, దాని పక్క గుట్ట మీద 4,500 మీటర్ల ఎత్తులో ఇండియన్ ఆస్ట్రోనామికల్ అబ్జర్వేటరీ. అక్కడి 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్‌ని శాటిలైట్ లింకు ద్వారా బెంగళూరు దగ్గరి హొసకోటె నుంచి నడుపుతారు. పక్కనే ఉన్న మేస్ గామా కిరణాల టెలిస్కోప్ అద్దం వ్యాసం 21 మీటర్లు. 2024 అక్టోబరులో ప్రారంభించారు. భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్)తో కలిసి దాని తయారీలో పాలుపంచుకున్నది మన హైదరాబాద్‌లోని ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్. దాని ఎదురుగా నిలబడి ఆ మాట అనుకుంటే గర్వంగా అనిపించింది.

ఈ చుట్టుపక్కలంతా డార్క్ స్కై రిజర్వ్, అంటే రాత్రి ఆకాశపు చీకటిని లైట్ల నుంచి కాపాడే ప్రాంతం. రాత్రి వ్యాన్‌లో లైట్లు వేస్తే నల్ల కర్టెన్లు పూర్తిగా మూసేశాం, బయట ఎర్ర టార్చి తప్ప వాడలేదు. ఊళ్ళో కొందరు యువతీయువకులకు టెలిస్కోపులు ఇచ్చి శిక్షణ ఇచ్చారు. మేం బండి ఆపుకున్న ఇంటి అమ్మాయి వాళ్ళలో ఒకరు. ఆమె శని గ్రహం చుట్టూ వలయాన్ని చూపించింది, తర్వాత ఆండ్రోమెడా గెలాక్సీని టెలిస్కోప్ లేకుండా కంటితోనే వెతుక్కోవడం నేర్పింది. స్థలానికీ టాయిలెట్‌కీ కలిపి రాత్రికి 300 రూపాయలు ఇచ్చాం. లదాఖీ ఇళ్ళలో ఉండే పొడి టాయిలెట్ వ్యాన్‌వాళ్ళకి వరం. నీళ్ళు అక్కర్లేదు, అంతా ఎరువైపోతుంది. వ్యాన్‌లోని మా క్యాసెట్ టాయిలెట్‌ని (డబ్బా బయటికి లాగి ఖాళీ చేసేది) రాత్రి అత్యవసరానికే దాచుకున్నాం.

రెండో రాత్రి తెల్లవారుజామున మా ఆయనకి మెలకువ వచ్చింది. తలనొప్పి, వాంతి. ముందు కార్బన్ మోనాక్సైడ్ అలారం చూశాను, సున్నా ఉంది. అయినా హీటర్ ఆపి తలుపు తీశాను. వేలికి ఆక్సిమీటర్ పెడితే ఆక్సిజన్ శాతం ఆయనకి 73, నాకు 85. ఆ అంకె ఒక్కదాన్ని పట్టుకుని ఏదీ తేల్చకూడదు, లక్షణాలే ముఖ్యం.

"ఏవండీ, ఓసారి కిందికి దిగి, మడమకి బొటనవేలు ఆనిస్తూ తిన్నగా నడవండి," అన్నాను.

టార్చి వెలుగులో పది అడుగులు వేశారు. తూలలేదు. తూలి ఉంటే మెదడు వాచిందని అనుమానించాలి, ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. తూలకపోయినా తలనొప్పికి వాంతి తోడైతే ఇంకా పైకి వెళ్ళేది లేదని మా నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాసుకున్నాం.

"నువ్వు తోలు. నేను పడుకుంటా," అన్నారు.

పది నిమిషాల్లో బయల్దేరాం. గట్టు సర్దడం, సిలిండర్ వాల్వు కట్టేయడం, సోలార్ ఆపడం నాకు కళ్ళు మూసుకున్నా వచ్చు కాబట్టే అంత త్వరగా కదిలాం. ఇద్దరికీ అన్ని పనులూ రావాలన్నది ఇందుకే. జబ్బు ఎవరికి చేస్తుందో ముందుగా తెలియదు కదా. న్యోమాలో ఆరోగ్య కేంద్రంలో ఆక్సిజన్ పెట్టి, ఇంకా కిందికి వెళ్ళి విశ్రాంతి తీసుకోమన్నారు. సింధు వెంట చుమథాంగ్ దాకా దిగాం. అది 4,000 మీటర్ల చుట్టూ ఉంటుంది. మధ్యాహ్నానికి ఆయన గంజి తాగారు, సాయంత్రానికి తలనొప్పి పోయింది. నది ఒడ్డున వేడినీటి ఊటలు ఆవిరి కక్కుతుంటాయి. అక్కడే ఆయన పూర్తిగా కోలుకునేదాకా ఆగాం. ఎత్తు జబ్బుకి వాడే డయామాక్స్ లాంటి మందులు మాత్రం ఇంటి దగ్గరే డాక్టర్ని అడిగి తెచ్చుకోవాలి, సల్ఫా మందులు పడనివాళ్ళు మరీ జాగ్రత్త.

త్సో కార్, తిరుగు దారి

మాహే వంతెన దగ్గర తిరిగి, పుగా మీదుగా పొలోకోంగ్కా లా ఎక్కి త్సో కార్ చేరాం. పుగాలో నేల మీద తెల్లగా, పసుప్పచ్చగా గంధకం, బోరాక్సు పేరుకుని ఉంటాయి. కంకర రోడ్డు వచ్చినచోట టైర్లలో గాలి కొంచెం తగ్గించాం. ఎత్తు పెరిగేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గి గేజీలో అంకె ఎక్కువ చూపిస్తుంది. అందుకే మళ్ళీ కొట్టాల్సిన గాలిని అక్కడి చలిలో, పొద్దున్నే కొలిచి కొట్టాలి. ఒక పదునైన రాయి వెనక టైరు పక్కగోడని కోసింది. పక్కగోడకి పంచర్ వేయడం కుదరదు, స్టెప్నీ వేశాం. ఇసుక నేలలో జాక్ దిగబడకుండా కింద పెట్టే మందపాటి చెక్క ముక్క తప్పకుండా ఉండాలి.

త్సో కార్ సరస్సు 2020 నుంచి రామ్సర్ చిత్తడి నేల, అంటే అంతర్జాతీయ గుర్తింపు ఉన్నది. నల్లమెడ కొంగలు గుడ్లు పెట్టే చోటు. ఒడ్డున గడ్డి మెత్తగా పచ్చగా ఉందని బండి దింపితే ఆ గాడి ఏళ్ళ తరబడి మానదు. మేం దారి దాటలేదు, ఊరి పక్కనే ఆగాం, గిన్నెలు కడిగిన నీళ్ళు కూడా క్యాన్‌లో పట్టి వెంట తెచ్చుకున్నాం.

ఆ రాత్రి మా ఇద్దరి ఊపిరి తేమకి అద్దాల లోపలి వైపు మంచు పట్టింది. పైకప్పులోని గాలి కిటికీ రెండు వేళ్ళ మందం తెరిచి పడుకుంటే తగ్గుతుంది. చలి వస్తుందని మూసేస్తే పరుపు కిందా తడే.

అక్కడి నుంచి తిరుగు దారి. పాంగ్, లాచుంగ్ లా, గాటా లూప్స్ 21 మలుపులు, సర్చూ, బారాలాచా లా. ఒకే పగలులో దాటేసి జిస్పాలో పడుకున్నాం. దిగేటప్పుడు ఎత్తు సమస్య కాదు, బ్రేకులే సమస్య. లూప్స్‌లో మొత్తం రెండో గేరే.

తాండీలో పంపు దగ్గరికి చేరేసరికి ట్యాంకులో 11 లీటర్లు మిగిలాయి.

తర్వాత దారి దార్చా నుంచి షింకు లా మీదుగా పదుమ్. దానికి ముందు చేయాల్సినవి: రెండో స్టెప్నీకి వెనక తలుపు మీద స్టాండు, హీటర్ గొట్టం విప్పి మసి చూడడం, బ్యాటరీ పెట్టెలో చిన్న హీటింగ్ ప్యాడ్. మా ఆయన కుక్కర్ చుట్టడానికి కొలతకి సరిపోయే దూది సంచీ కుట్టిస్తానంటున్నారు.