ఫేస్ మాస్క్ బిగుసుకుపోయేదాకా ఉంచకండి

క్లే మాస్క్ వేసుకుని, నవ్వితే పగుళ్లు వచ్చేదాకా ఉంచితేనే బాగా పనిచేసిందనుకుంటారు చాలామంది. అప్పటికి దాని పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. జిడ్డు పీల్చాల్సిన మట్టి అలా పూర్తిగా ఎండితే చర్మమే పొడిబారిపోతుంది. కడిగాక ఎర్రబడటం, చుర్రుమనడం, మర్నాటికి ముక్కు పక్కన పొట్టు రేగడం అందుకే. అంచుల్లో రంగు తేలిపోయి, మధ్యలో వేలు పెడితే ఇంకా చెమ్మ తగులుతుండగానే, అంటే సుమారు 10 నిమిషాలకే, గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి తీసేయాలి. గీకొద్దు. తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాయాలి. వారానికి ఒకసారి చాలు, జిడ్డు చర్మమైతే రెండుసార్లు.

షీట్ మాస్క్‌కి (సీరమ్‌లో తడిపిన పల్చటి ముసుగు) 15–20 నిమిషాలు. అది ముఖం మీద ఉండగానే నిద్రపోవద్దు.

పీల్-ఆఫ్ రకం (ఆరాక పొరలా లాగి తీసేది) మీద మాత్రం మాకు సదభిప్రాయం లేదు. లాగినప్పుడు మృతకణాల పొరతో పాటు నూగు వెంట్రుకలూ ఊడొస్తాయి. ముడతలకో మొటిమలకో రాసే రెటినాల్, అడాపలీన్ లాంటి మందులు వాడేవారికైతే పలచబడిన పైపొర లేచిపోయి పచ్చిపుండులా అవ్వొచ్చు. ఇంతకీ మాస్క్‌కి అంటుకొచ్చే ఆ తెల్లటి చుక్కలు చాలావరకు బ్లాక్‌హెడ్స్ కావు, రంధ్రాల్లో మామూలుగా ఉండే కొవ్వు పోగులు. కొన్ని వారాల్లో మళ్లీ నిండుతాయి.

ఇంట్లో కలుపుకునేవన్నీ సురక్షితమనుకోవద్దు. చర్మం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5 దగ్గర ఉంటుంది. నిమ్మరసానిది సుమారు 2, వంటసోడాది 8 పైన, అందుకే రెండూ చర్మానికి పడవు. పైగా నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలు రావచ్చు. అవి మానినా, చామనఛాయ వాళ్లకు నల్లమచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి.

మంటకీ అలర్జీకీ తేడా తెలియాలి. రాసిన నిమిషాల్లోనే మండితే అది సాధారణంగా చర్మం ఓర్చుకోలేకపోవడం. కడిగేస్తే తగ్గుముఖం పడుతుంది. అలర్జీ చాలాసార్లు ఒకటి రెండు రోజులు ఆగి బయటపడుతుంది: దురద, చిన్న చిన్న పొక్కులు, కనురెప్పల వాపు. ఎక్కువగా సువాసన ద్రవ్యాలు, ప్రిజర్వేటివ్‌లే కారణం. అందుకే చేతిమీద రాసి పది నిమిషాలు చూసి 'ఏమీ కాలేదు' అనుకోవడం పరీక్ష కాదు. మోచేతి మడత లోపల కొద్దిగా రాసి, ముఖానికి ఎంతసేపు ఉంచుతారో అంతసేపు ఉంచి కడగాలి. రోజుకు రెండుసార్లు, 7 రోజులు.

తేడా చేస్తే మాస్క్, స్క్రబ్, యాసిడ్ సీరమ్‌లు అన్నీ ఆపి, వాసన లేని మాయిశ్చరైజర్ ఒక్కటే రాయండి. చీము, బొబ్బలు వచ్చినా, వారంలో తగ్గకపోయినా చర్మవైద్యుల దగ్గరికి. పెదవులు వాచి ఊపిరాడకపోతే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. డబ్బా పారేయకుండా వెంట తీసుకెళ్లండి, పదార్థాల జాబితా దానిమీదే ఉంటుంది.