పరాకు లెక్క

పొద్దున మెలకువ రాగానే టైమ్ ఎంతైందో చూద్దామని ఫోన్ తీశాను. కాసేపటికి పక్కన పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది, టైమ్ చూడనేలేదని. మళ్లీ తీస్తే 6:40. మొదటిసారి తీసినప్పుడు ఎంతై ఉంటుందో ఇక ఎప్పటికీ తెలీదు. అప్పుడు కిటికీ బయట చీకటి ఉంది, ఇప్పుడు లేదు. అంతవరకే చెప్పగలను.

ఆ మధ్యలో చూసినవి ఇవి. ఎవరో పిల్లికి స్నానం చేయిస్తున్నారు. చిన్నప్పుడు నాతో చదివిన ఒకతను కొత్త ఇంటి ముందు నిలబడి నవ్వుతున్నాడు. ఎక్కడో వరద. ఆ వరద వార్త కింద ఇద్దరు తిట్టుకుంటున్నారు, వరద గురించి కాదు, ఒకాయన రాసిన దాంట్లో దొర్లిన అక్షరదోషం గురించి. పిల్లినీ, ఇంటినీ, వరదనీ, అక్షరదోషాన్నీ ఒకే బొటనవేలితో, ఒకే వేగంతో పైకి తోసేశాను. ఆ టైములో నా మొహం చూసినవాళ్లెవరూ నేను దేన్ని చూస్తున్నానో చెప్పలేకపోయేవాళ్లు.

చివరిదాకా చూసి ఆపేద్దామంటే ఆ చివర అనేది లేదు కదా. ఎంత లాగినా కిందనుంచి ఇంకా వస్తూనే ఉండే ఈ ఏర్పాటు చేసింది ఏజా రాస్కిన్ అనే డిజైనర్, 2006లో. ఆయన ఉద్దేశం మంచిదే. దేనికోసమో వెతుకుతున్న మనిషి పేజీ అయిపోగానే 'తర్వాత' అని నొక్కే శ్రమ ఎందుకు పడాలి అనుకున్నాడు. తర్వాతి రోజుల్లో దాని గురించి ఆయనే బహిరంగంగా బాధపడ్డాడు. ఆ నొక్కడం శ్రమలా కనిపించింది గానీ, నిజానికి అదొక గుమ్మం. గుమ్మం దగ్గర ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు. ఉత్తరానికి 'ఇట్లు' ఉండేది. పేపరుకి ఆఖరి పేజీ ఉండేది. ఇప్పుడు ఇంటికి గుమ్మాలు తీసేసి గదిలోంచి గదిలోకి జారుడుబల్ల వేసినట్టుంది.

సరే, ఇవాళ ఒక పని పెట్టుకున్నాను. మా పాప పోయినేడాది నోటుబుక్కులో సగం కాగితాలు మిగిలాయి. ఫోన్ తీసిన ప్రతిసారీ అందులో టైమ్ వేసి, ఎందుకు తీశానో ఒక ముక్క రాయాలి. మానెయ్యడం కాదు. మానేస్తానన్న ఒట్లు ఇప్పటికి చాలా అయ్యాయి. ఒకసారి యాప్‌లన్నీ పీకేసి, బ్రౌజర్ లోంచి దొడ్డిదారిన వెళ్లాను. ఇంకోసారి ఎవరో చెప్పారని తెరని నలుపు తెలుపు చేశాను. మూడు రోజుల్లో ఆ బూడిద రంగుకే కళ్లు అలవాటు పడ్డాయి, కొంచెం పాత సినిమా చూస్తున్నంత గౌరవం కూడా వచ్చింది. కాబట్టి ఈసారి ఒట్టు లేదు, ఉత్త లెక్కే.

పదింటికల్లా ఒక రిపోర్టు పూర్తి చెయ్యాలి. అందులో మూడో పేరా దగ్గర చిక్కొచ్చి పడింది. తోటి ఉద్యోగి వేసిన ప్లాను కుదరదని చెప్పాలి, ఆయన నొచ్చుకోకుండా చెప్పాలి. నోటుబుక్కులో అప్పటి పద్దులు ఉన్నవి ఉన్నట్టుగా:

9:12 – వాక్యం కుదరలేదు.
9:19 – అదే వాక్యం.
9:26 – మెయిల్ వచ్చిందేమోనని. రాలేదు.
9:28 – ఇప్పుడైనా వచ్చిందేమోనని.
9:31 – పద్దు రాశాక పెన్ను మూత ఎక్కడ పెట్టానో వెతుకుతూ చేతికి తగిలితే.

ఈ ఐదూ వరసగా చూసుకుంటే నవ్వొచ్చింది. ఈ ఇరవై నిమిషాల్లో నన్నెవరూ పిలవలేదు. ఫోన్ మోగలేదు, వెలగలేదు. 'ఈ నోటిఫికేషన్లు పని చేసుకోనివ్వవు' అని ఇన్నాళ్లూ నేను వేసిన నింద వాటికి ఏమాత్రం అంటదు. గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు 2004 ప్రాంతంలో ఆఫీసుల్లో మనుషుల వెనక కూర్చుని, ఎవరు ఏ తెర మీద ఎంతసేపు ఉంటున్నారో స్టాప్‌వాచ్ పెట్టి కొలిచారు. అప్పుడు సగటున రెండున్నర నిమిషాలు. ఇటీవలి సంవత్సరాల్లో అది 47 సెకన్లకు పడిపోయింది. ఈ అంకె అందరూ చెప్పుకునేదే. నన్ను పట్టుకున్నది ఆవిడ చెప్పిన ఇంకో మాట. పనిలో అంతరాయాల్లో దాదాపు సగం ఎవరో కలిగించినవి కావు, మనకి మనమే కలిగించుకున్నవి.

అయితే నేను ఫోన్ తీస్తున్నది సరదాకి కాదన్నమాట. ఎక్కడ కాస్త ముడిపడితే అక్కడ, ఆ ముడి విప్పే బాధ తప్పించుకోవడానికి. ఇంత చిన్న నిజం కనిపెట్టినందుకు చాలా గర్వంగా ఒక పేజీ అడుగున పెట్టెకట్టి రాసుకున్నాను. (సాయంత్రానికి ఆ పెట్టె మీద ఇంటూ మార్కు పెట్టాల్సి వచ్చింది. అది తర్వాత.)

9:26కీ 9:28కీ మధ్య సంగతికి మాత్రం పావురాల కథ ఉంది. మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల ముందు ఒక మీట పెట్టాడు. పొడిచిన ప్రతిసారీ గింజ పడితే, గింజలు ఆపెయ్యగానే పావురం కూడా పొడవడం త్వరగానే మానేసేది. ఒకసారి పడి, నాలుగుసార్లు పడక, మళ్లీ పడి, ఇలా లెక్కాపత్రం లేకుండా గింజ వస్తుంటే మాత్రం, ఆపేశాక కూడా అది ముక్కరిగేలా పొడుస్తూనే ఉండేది. నాకు మెయిల్ రోజుకు ఇరవై వస్తాయి, పనికొచ్చేది ఒకటి. ఆ ఒకటి ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే నన్ను పావురాన్ని చేసింది. ఖచ్చితంగా సాయంత్రం ఐదింటికే వస్తుందని తెలిస్తే 9:28కి ఎందుకు చూస్తాను?

'పరాకు' భలే మాట. ధ్యాస లేకపోవడాన్ని పరాకు అంటాం. రాజు సభలోకి వస్తుంటే ముందు నడిచే భటులు అరిచేది మాత్రం 'బహుపరాక్', అంటే జాగ్రత్త, ఇటు చూడండి అని. వినమని అరిచే కేకకీ, వినకుండా పోవడానికీ ఒకటే మాట. ఫోన్‌లో ప్రతి యాప్‌కీ ఒక భటుడున్నాడు. అందరూ ఒకేసారి బహుపరాక్ బహుపరాక్ అంటుంటే నేను పూర్తిగా పరాకులో ఉన్నాను. రాజెక్కడున్నాడో మరి.

మధ్యాహ్నం ఒక తప్పు జరిగింది. చుట్టాల గ్రూపులో ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకాలు ఎక్కువ. పొడుగాటి మెసేజ్ కనబడితే చాలు, చదవకుండా ఒక బొటనవేలు బొమ్మ పడేస్తాను. ఇవాళ బాబాయి ఒక పొడుగు మెసేజ్ పెట్టాడు. అలవాటు ప్రకారం బొటనవేలు. గంట తర్వాత చూద్దును కదా, పిన్నికి నాలుగు రోజులుగా జ్వరం తగ్గట్లేదట, ఆసుపత్రిలో చేర్చారట. దానికి నేను 'భేష్' అన్నానన్నమాట. ఆ బొమ్మ తీసేశాను, తీసేసినంత మాత్రాన ఆయన చూడకుండా ఉంటాడా?

ఫేస్‌బుక్‌లో లైక్ బొత్తాం వచ్చింది 2009 ఫిబ్రవరిలో. అంతకుముందు ఎవరిదైనా ఫొటో నచ్చితే 'బాగుంది' అని ఓ ముక్క టైపు చెయ్యాల్సి వచ్చేది. ఆ ముక్క రాయాలంటే ఫొటో చూడాలి కదా. బొత్తానికి ఆ అవసరం లేదు.

బాబాయికి ఫోన్ చేశాను. "నువ్వు బిజీగా ఉంటావులే, పర్లేదురా" అన్నాడు. ఆ మాటకి జవాబు దొరకలేదు. పిన్నికి ఇవాళ కొంచెం నయంగా ఉందట. మాట్లాడి పెట్టేశాక రిపోర్టు ముందు కూర్చుంటే నాలుగో పేరాలో బాబాయి గొంతే వినిపిస్తోంది. సోఫీ లెరాయ్ అనే ఆవిడ 2009లో దీని గురించే రాశారు. ఒక పని మధ్యలో వదిలి ఇంకోదానికి మారితే ధ్యాసలో కొంత ముక్క పాతదాని దగ్గరే ఉండిపోతుందట, గిన్నె అడుగున మిగిలినట్టు. అయితే ఇవాళ మిగిలిన ముక్క మీద నాకేం ఫిర్యాదు లేదు. అది అక్కడే ఉండాల్సింది.

ఆ తర్వాత ఫోన్ తీసుకెళ్లి పక్కగదిలో పెట్టాను. తీయకపోయినా, మాట్లాడకపోయినా, ఊరికే బల్ల మీద ఉన్నంతమాత్రాన ఫోన్ బుర్రలో కొంత చోటు తినేస్తుందని 2017లో ఒక అధ్యయనం వచ్చింది. పక్కగదిలో పెట్టినవాళ్లు పరీక్షల్లో మెరుగ్గా చేశారని అందులో తేలింది. తర్వాత అలాగే చేసి చూసిన అందరికీ అదే ఫలితం రాలేదు. నా మటుకు, పక్కగదిలో పెట్టాక నాలుగుసార్లు లేచి నీళ్లు తాగాను. మంచినీళ్ల బిందె ఆ గదిలోనే ఉంది. రిపోర్టు మాత్రం అయింది. మూడో పేరాలో వాక్యం చివరికి చాలా సాదాగా వచ్చింది: "ఈ ప్లాను ప్రకారం గడువు లోపల పూర్తి కాదు." అంతే. దాని కోసమా అంత తిరుగుడు.

సాయంత్రం పాప బడి కబుర్లు చెబుతోంది. నేను కుర్చీలో కూర్చుని వింటున్నాను, ఊఁ కొడుతున్నాను. కథ చెప్పేవాళ్లకి ఊఁ కొట్టేవాళ్లు ఉండాలని మా అమ్మ అనేది. ఊఁ ఆగిందంటే పిల్లలు నిద్రపోయారని లెక్క, అక్కడితో కథ ఆపేసేది.

"ఇవాళ నేను ఏనుగెక్కి బడికెళ్లాను నాన్నా."

"ఊఁ."

"టీచర్ ఏనుగుక్కూడా హోమ్‌వర్క్ ఇచ్చింది."

"ఊఁ."

మౌనం. తలెత్తి చూస్తే పాప కోపంగా లేదు. ఏదో పందెం గెలిచినట్టు నవ్వుతోంది. నా చేతిలో ఫోన్ ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. పక్కగదిలోంచి నేనే తెచ్చుకుని ఉండాలి, కాళ్లు లేవు కదా దానికి. పాప బల్ల మీదున్న నోటుబుక్కు తీసి, పొద్దుట్నించీ నేను రాస్తున్నది చూసిందేమో, టైమ్ వేసి తనే పద్దు రాసింది:

7:20 – ఏనుగు.

పొద్దున పెట్టెకట్టి రాసుకున్న మాట అప్పుడు పోయింది. కష్టం దగ్గర తప్పించుకోవడానికి ఫోన్ తీస్తానన్నాను. కుదరని వాక్యం దగ్గర తీశానంటే సరే. ఏనుగు దగ్గర ఏం కష్టమని తీశాను? అక్కడ ముడి లేదు, విసుగు లేదు, మెయిల్ కోసం ఎదురుచూపూ లేదు. కారణమే లేదు. చెయ్యికి అలవాటైంది, చెయ్యి వెళ్లింది. నేను చెయ్యి వెనకాల వెళ్లాను.

ఇప్పుడు రాత్రి 10:50. అందరూ పడుకున్నాక నోటుబుక్కులో పద్దులు కూడాను, పాప రాసిన దానితో కలిపి 38. ఫోన్‌లో కూడా ఒక లెక్క ఉంటుంది, రోజుకి ఎన్నిసార్లు తీశామో అదే చెబుతుంది. సరిపోల్చుకుందామని చూశాను. 81.

అంటే 43 సార్లకి నా దగ్గర పద్దు లేదు. దొంగలెక్క రాయలేదు, బద్ధకించీ వదిలెయ్యలేదు. పొద్దుట్నించీ కాపు కాస్తూనే ఉన్నాను, పెన్ను చేతిలోనే ఉంది. ఆ 43 సార్లు తీసినట్టు నాకు తెలీదు, అంతే. తెలిసి తీసిన 38కి ఏదో ఒక సాకు చెప్పగలను. తెలియకుండా తీసిన వాటి గురించి ఏమనాలో ఆలోచిస్తుంటే ఇంకో సంగతి తట్టింది. 81 అని చూడ్డానికి తీసింది కూడా అందులో కలిసిందా? అనుమానం తీర్చుకుందామని మళ్లీ చూశాను. 82. పద్దు రాశాను: "10:54 – లెక్క చూడ్డానికి."

దానికి నాలుగు గీతల పైన పాప రాసిన వంకర అక్షరాలున్నాయి. ఏనుగుకి హోమ్‌వర్క్ ఇచ్చిందాకా విన్నాను, విన్నానని కూడా కాదు, తర్వాత తనే చెబితే తెలిసింది. అది చేసిందా లేదా, చెయ్యకపోతే టీచర్ ఏమంది, ఏనుగుకి బల్ల ఎలా సరిపోయింది. పాప నిద్రపోయింది. రేపు పొద్దున లేవగానే అడగాలి.